బ్రాయిలర్ కోడిని కోయకుండా పెంచుకుంటే ఎన్నాళ్లు బతుకుతుంది?

మీరు చెప్పిన పరిస్థితి ఇది. పిల్లగా తెచ్చుకున్న తెల్ల బ్రాయిలర్‌కి ఇప్పుడు ఆరు వారాలు, బరువు రెండున్నర కిలోలు దాటింది, ఇంట్లో పిల్లలు దానికి పేరు కూడా పెట్టేశారు కాబట్టి ఇక కోసే ప్రసక్తే లేదు. పొద్దస్తమానం తింటోంది, తిన్నచోటే కూలబడుతోంది, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోంది. ఇవి రెండు నెలలకు మించి బతకవట నిజమేనా, మామూలు కోడిలా ఏళ్ల తరబడి ఉంచుకోవడం కుదరదా అని అడిగారు. చివర్లో దానికి తోడుగా ఇంకో కోడిని తేవాలా అని కూడా.

రెండు నెలలకే చావాలని దాని ఒంట్లో ఏమీ రాసిపెట్టి లేదు. ఫారాల్లో ఐదారు వారాలకే, అంటే 35 నుంచి 42 రోజుల మధ్య, వాటిని కోతకు పంపేస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో చూసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ మాట అలా నిలబడిపోయింది. అలాగని నాటుకోడి బతికినట్టు ఐదేళ్లు, ఎనిమిదేళ్లు బతుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. నేను పెంచినవాటిలో, తెలిసినవాళ్ల దగ్గర చూసినవాటిలో, దాణా లెక్కగా పెట్టి జాగ్రత్తగా చూసుకున్న కోళ్లు ఎక్కువగా ఏడాది నుంచి మూడేళ్ల మధ్య బతికాయి. నాలుగో ఏడు దాటినవి ఉన్నాయి, కానీ వాటిని చూసి లెక్క వేసుకోకూడదు. గిన్నె ఎప్పుడూ నిండుగా పెట్టి వదిలేసిన కోళ్లలో చాలావరకు ఏడాది చూడకుండానే పోయాయి, కొన్ని నాలుగైదు నెలలకే. పుంజులు పెట్టలకంటే ముందే పోవడం కూడా ఎక్కువ.

అంటే మీ కోడి ఎన్నాళ్లు ఉంటుందన్నది చాలావరకు దాణా గిన్నె దగ్గరే తేలిపోతుంది. మందులు, టానిక్కులు, ఖరీదైన గూడు ఇవన్నీ దాని తర్వాతే. అందుకే దాణా గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి అవసరమైనంతే.

ముందు ఈ కోడి ఏమిటో అర్థం చేసుకోండి. కార్నిష్, వైట్ ప్లిమత్ రాక్ అనే జాతులు దీనికి మూలం. ఛాతీ కండ కార్నిష్ వైపు నుంచి వచ్చింది. అమెరికాలో 1940ల చివర్లో "రేపటి కోడి" అనే పేరుతో దేశవ్యాప్తంగా పోటీలు పెట్టారు, ఎక్కువ మాంసం త్వరగా ఇచ్చే కోడిని ఎవరు తయారుచేస్తారా అని. 1948లో దాని ఫైనల్ జరిగింది. అప్పటినుంచి ప్రతి తరంలో తొందరగా పెరిగినవాటిని ఎంచి, వాటినే జతకట్టిస్తూ వచ్చారు. ఎంత మార్పు వచ్చిందో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో అచ్చేసిన ఒక అధ్యయనంలో తేల్చారు. 1957 నాటి రకాన్ని, 1978 నాటి రకాన్ని మార్చకుండా కాపాడుకుంటూ వచ్చారు, వాటి పక్కన 2005 నాటి బ్రాయిలర్‌ని పెట్టి, మూడింటికీ ఒకే దాణా, ఒకే వసతి ఇచ్చి పెంచారు. 56 రోజులకి మొదటిది 905 గ్రాములు తూగింది, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు.

హార్మోన్ ఇంజెక్షన్లు వేసి పెంచుతారు, అందుకే అవి బతకవు అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. పై అంకెలు చూస్తే దానికి జవాబు దొరుకుతుంది. ఒకే దాణా తిని ఒకటి ఇంకోదానికంటే నాలుగున్నర రెట్లు పెరిగిందంటే తేడా అంతా రక్తంలో ఉన్నట్టే. పైగా పెరుగుదల హార్మోన్ దాణాలో కలిపితే కడుపులోనే అరిగిపోతుంది, సూదిమందుగా ఇవ్వాలంటే వేల కోళ్లకి మళ్లీ మళ్లీ వెయ్యాలి, ఏ రైతూ ఆ పని చెయ్యడు. మీకు దీంతో పనేమిటంటే, "మందు ప్రభావం తగ్గితే మామూలు కోడి అయిపోతుంది" అనే ఆశ పనికిరాదు. ఆ వేగం దాని పుట్టుకలోనే ఉంది, మీరు చెయ్యగలిగింది దానికి కళ్లెం వెయ్యడమే.

ఆ వేగానికి ముందు గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు దెబ్బతింటాయి. కండ పెరిగినంత వేగంగా ఊపిరితిత్తులు పెరగవు. ఒళ్లంతటికీ ఆక్సిజన్ అందించడానికి గుండె గట్టిగా కొట్టుకుని కొట్టుకుని కుడివైపు వాచి బలహీనపడుతుంది, అప్పుడు పొట్టలో నీరు చేరుతుంది. రైతులు దీన్ని అసైటిస్ అనే అంటారు. నెత్తిమీది ఎర్ర జుట్టు నీలంగా మారడం, పొట్ట నీళ్ల సంచిలా వేలాడటం, కూర్చున్నా ఆయాసపడటం దాని లక్షణాలు. ఇంకోటి ఏ లక్షణమూ లేకుండా వస్తుంది: బాగా తిని పుష్టిగా ఉన్న కోడి, అందులోనూ పుంజు, ఉన్నట్టుండి రెక్కలు కొట్టుకుని వెల్లకిలా పడి నిమిషాల్లో చచ్చిపోతుంది. ఇది ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే జరుగుతుంది కాబట్టి మీ కోడికి ఆ ప్రమాదం కొంత గడిచినట్టే.

కాళ్ల సంగతి వేరు, అది వయసుతోపాటు పెరిగే సమస్య. ఎముక గట్టిపడకముందే బరువు మీద పడుతుంది, కాళ్లు బయటికో లోపలికో వంగుతాయి, తొడ ఎముక పైభాగంలో ఇన్‌ఫెక్షన్ చేరి ఎముక కుళ్లుతుంది. బయటికి మనకి కనపడేది "సోమరిగా కూర్చుంటోంది" అనేదే. సోమరితనం అనుకోకండి, నొప్పి. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో, కుంటుతున్న బ్రాయిలర్లకీ మామూలుగా నడిచేవాటికీ రెండు రకాల దాణా పెట్టారు, ఒకదాంట్లో నొప్పి తగ్గించే మందు ఉంది. కుంటే కోళ్లు మందున్న దాణానే ఎక్కువగా ఎంచుకున్నాయి, కుంటు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువగా. అవి కూర్చోవడాన్ని అప్పటినుంచి నేను తేలిగ్గా తీసుకోవడం మానేశాను.

ఇప్పుడు దాణా. ఈ బ్రాయిలర్లకీ అమ్మా నాన్నా ఉంటారు కదా, గుడ్లు పెట్టే ఆ తల్లికోళ్లని కంపెనీలు 60, 65 వారాల దాకా బతికించుకోవాలి. వాటిలోనూ ఇదే రక్తం, ఇదే ఆకలి. మరి ఎలా బతికిస్తున్నారు? రెండు మూడు వారాల వయసు నుంచే దాణా తూచి పెడతారు. పెరిగే వయసులో అది కడుపునిండా తినగలిగేదాంట్లో సగంకంటే తక్కువే పెడతారు. అలా పెంచితే పెట్ట 20 వారాలకి రెండు కిలోల పైచిలుకు ఉంటుంది, 60 వారాలకి నాలుగు కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అదే పెట్టని ఇష్టమొచ్చినట్టు తిననిస్తే గుడ్లు సరిగ్గా పెట్టదు, మధ్యలోనే చాలా చచ్చిపోతాయి. కోడిని అమ్ముకుని బతికేవాళ్లే ఈ పని చేస్తున్నారంటే తూచి పెట్టడం పెంపకందారుల చాదస్తం కాదన్నమాట.

మీ కోడి ఇప్పటికే రెండున్నర కిలోలు ఉంది కాబట్టి తల్లికోళ్ల లెక్క యథాతథంగా దీనికి పెట్టకండి, చిక్కి చస్తుంది. ముందు ఒక వంటింటి తూకం, కోడిని తూచడానికి ఇంకో పెద్ద తూకం కొనండి. ఇది లేకుండా మిగతా సలహాలేవీ పనిచేయవు. రెండు రోజులు అది ఎంత తింటోందో తూచి చూడండి. ఈ వయసులో అడ్డు లేకుండా తినే కోడి రోజుకి 180 నుంచి 200 గ్రాముల దాకా లాగించేస్తుంది. ఆ దాణాని ఒక్కసారిగా తగ్గించకుండా, వారం పది రోజుల్లో మెల్లగా దించుకుంటూ 100, 110 గ్రాముల దగ్గరికి తీసుకురండి. అక్కడినుంచి మీకు దారి చూపించేది తూకమే. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున దాణా పెట్టకముందు తూచి రాసుకోండి. వారానికి 50 నుంచి 80 గ్రాములు పెరిగితే బాగున్నట్టు. 150 పెరిగితే దాణా పది గ్రాములు తగ్గించండి, తగ్గితే పది గ్రాములు పెంచండి. ఆరేడు నెలలు వచ్చేసరికి పెట్ట అయితే మూడున్నర నుంచి నాలుగు కిలోలు, పుంజు అయితే నాలుగున్నర, మహా అయితే ఐదు కిలోల దగ్గర ఆగాలి. ఆ తర్వాత బరువు కదలకుండా చూసుకోవడమే, అప్పటికి దాణా 110, 130 గ్రాముల మధ్య ఎక్కడో ఒకచోట కుదురుకుంటుంది. పెట్ట గుడ్లు పెట్టే రోజుల్లో కొంచెం ఎక్కువ కావాలి.

తూకంతో పాటు చేత్తో కూడా చూడండి. రొమ్ము మధ్య నిలువుగా ఉండే ఎముక మీద వేలు పెడితే కొంచెం తగలాలి. కత్తిలా గుచ్చుకుంటే బక్కచిక్కినట్టు, రెండు వైపులా కండ ఉబ్బి ఎముక గుంటలో పడిపోయి ఉంటే ఎక్కువైనట్టు. బ్రాయిలర్‌కి ఈ ఎముక మామూలు కోడికి ఉన్నంతగా ఎప్పుడూ తగలదు, నాటుకోడితో పోల్చి కంగారుపడకండి.

ఏ దాణా అన్నది కూడా ముఖ్యమే. ఇప్పుడు మీరు పెడుతున్నది బ్రాయిలర్ ఫినిషర్, అంటే కోతకు ముందు వారాల్లో పెట్టే దాణా, అయి ఉంటుంది, అందులో ప్రోటీన్ 18, 19 శాతం, నూనె కలిపి శక్తి బాగా పెంచి ఉంటారు. అది ఆపి, 14 నుంచి 16 శాతం ప్రోటీన్ ఉండే గ్రోయర్ దాణాకి మార్చండి, పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ. గుడ్ల కోళ్లకి పెట్టే లేయర్ దాణా మాత్రం గుడ్లు మొదలయ్యేదాకా వద్దు. అందులో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది, గుడ్డు పెట్టని కోడికి, పుంజుకి అది కిడ్నీల మీద పడుతుంది. గుడ్లు మొదలయ్యాక కూడా నేనైతే గ్రోయర్ దాణానే పెట్టి, ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచుతాను, కావలసినంత అదే తింటుంది. అన్నం, రొట్టె ముక్కలు, మొక్కజొన్న గింజలు, మిగిలిపోయినవి పెట్టి ముద్దు చెయ్యడం ఆపాలి. ఇంట్లో పిల్లలకి ఇది ముందే చెప్పండి, ఎందుకంటే లెక్కలన్నీ తప్పేది అక్కడే. తూచి పెట్టినవాళ్ల కోడి కూడా బరువు పెరుగుతోందంటే, ఎవరో వెనక నుంచి పెడుతున్నట్టే.

ఆకలి గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ఈ కోడికి తృప్తి అనేది సరిగ్గా పనిచేయదు. తూచి పెడితే అది నిజంగానే ఆకలితో ఉంటుంది, మీరు కనపడగానే పరిగెత్తుకొస్తుంది, ఖాళీ గిన్నెని పొడుస్తూ కూర్చుంటుంది. తల్లికోళ్ల పెంపకం మీద జంతు సంక్షేమం గురించి మాట్లాడేవాళ్ల ప్రధాన అభ్యంతరం ఇదే, అందులో న్యాయం ఉంది. తిననిస్తే గుండె, కాళ్లు పోతాయి, తిననివ్వకపోతే ఆకలి. రెంటికీ మధ్య మీరు చెయ్యగలిగింది ఒకటుంది: శక్తి తక్కువ, పరిమాణం ఎక్కువ ఉండేవి ఇవ్వడం. ఆకుకూరలు, క్యాబేజీ ఆకులు, దోసకాయ, మందు కొట్టని గడ్డి కావలసినంత పెట్టొచ్చు. దాణాని కూడా ఒక్కసారి గిన్నెలో పోయకుండా పొద్దున కొంత, సాయంత్రం కొంత, మధ్యలో ఒక గుప్పెడు నేల మీద ఎండుగడ్డిలో చల్లండి. గీరుకుంటూ, వెతుక్కుంటూ గంటసేపు తింటుంది. నడక, కాలక్షేపం రెండూ అందులోనే అయిపోతాయి. క్యాబేజీని తాడుతో దాని తల ఎత్తులో వేలాడదీస్తే అరగంట దాంతో కుస్తీ పడుతుంది, చూడ్డానికి కూడా సరదాగా ఉంటుంది. గడ్డీ ఆకులూ తినే కోడికి గింజంత రాళ్లు కూడా అందుబాటులో ఉండాలి, పళ్లు లేని జీవి కాబట్టి నూరుకునేది వాటితోనే.

నీళ్లు మాత్రం ఎప్పుడూ తగ్గించకూడదు. ఆకలిగా ఉన్న కోడి నీళ్లు ఎక్కువ తాగుతుంది, రెట్ట పలచబడుతుంది, కింద పొట్టు తొందరగా తడుస్తుంది. జబ్బేమో అని కంగారు పడకండి, పొట్టు మార్చండి. నీళ్ల గిన్నెని దాణా పెట్టేచోటికి దూరంగా ఉంచండి, తాగాలన్నా నడవాలి. ఒకరోజు కాళ్లు బాగోలేక కదలకపోతే మాత్రం దగ్గరికి జరపండి.

గూడు విషయంలో మామూలు కోళ్ల పుస్తకం పక్కన పెట్టేయండి. ఎత్తు మీద దండె కట్టకండి. ఎక్కడం ఎలాగో ఎక్కినా దూకినప్పుడు నాలుగు కిలోల బరువు కాళ్ల మీద పడుతుంది. నేల మీదే, అరచేతి లోతు రంపపు పొట్టో ఊకో పరిచి, పడుకోవడానికి ఒక మూల మెత్తగా చెయ్యండి. గుమ్మం దగ్గర మెట్టు ఉంటే చిన్న వాలు పలక వెయ్యండి. రాత్రి లైటు ఆర్పేయాలి, కనీసం ఎనిమిది గంటలు పూర్తి చీకటి ఉండాలి. ఫారాల్లో కూడా చీకటి గంటలు పెంచినప్పుడు కాళ్ల జబ్బులు, ఆకస్మిక మరణాలు తగ్గడం గమనించారు. ఎత్తుకునేటప్పుడు కింద నుంచి రెండు చేతులతో బరువు ఆపి ఎత్తాలి, కాళ్లు పట్టుకుని వేలాడదీయకూడదు, రెక్కలు పట్టి లాగకూడదు, వెల్లకిలా పడుకోబెట్టకూడదు. కోడికి మనలా ఊపిరి లాగే పొర ఉండదు, ఛాతీ కదిలితేనే గాలి ఆడుతుంది. పిల్లలు ప్రేమగా గట్టిగా కౌగిలించుకున్నా దానికి ఊపిరి ఆగుతుంది.

ఎండ దీనికి పెద్ద శత్రువు. కోడికి చెమట పట్టదు, మామూలుగానే దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైన ఉంటుంది, ఇంత కండ ఉన్న కోడి అయితే తన వేడి తానే తట్టుకోలేదు. గాలి వేడి 30 డిగ్రీలు దాటితే నోరు తెరిచి రొప్పడం మొదలుపెడుతుంది, 35 దాటితే ఏ గంటలోనైనా పోవచ్చు. వేడి రోజుల్లో దాణా తెల్లవారకముందే ఒకటి, చల్లబడ్డాక ఒకటి పెట్టండి, మధ్యాహ్నం అరిగించుకునే పని పెట్టొద్దు. నీడ, ఫ్యాను, చల్లటి నీళ్లు, నిలబడటానికి ఒక పళ్లెంలో అంగుళం లోతు నీళ్లు ఉండాలి. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, మెడ చాచి, తూలుతుంటే ఆలస్యం చెయ్యకుండా చల్లటి గదిలోకి తెచ్చి కాళ్లు, రెక్కల కింద తడపండి. మంచునీళ్లలో ముంచకండి.

ఎక్కువసేపు కూర్చునే కోడికి ఒంటి కింద సమస్యలు వస్తాయి, వారానికోసారి తూకం వేసినప్పుడే తిప్పి చూడండి. అరికాలి మధ్యలో నల్లటి పెచ్చు, వాపు ఉంటే లోపల చీము గూడు కట్టుకుంటోందని. మడమ కీలు దగ్గర గోధుమ రంగు మచ్చలు, రొమ్ము మీద బొబ్బ కనపడితే పొట్టు తడిగా ఉందని, అందులో రెట్ట ఘాటు ఎక్కువైందని. వంగి పొట్టు దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి, మీకు కళ్లు మండితే దానికి ఇంకెంత మండాలి. తోక కింద ఈకలకి రెట్ట అంటుకుంటే గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. లావు కోడి తన వెనక భాగాన్ని ముక్కుతో శుభ్రం చేసుకోలేదు, అక్కడ ఈగ వాలి గుడ్లు పెడితే ఒక్కరోజులో పురుగులు పడతాయి, చూడకపోతే కోడి దక్కదు. ఒళ్లు పొర్లించుకోవడానికి పొడి మట్టి తొట్టి పెట్టండి, పేలు అదుపులో ఉంటాయి.

ఇక పెట్టా పుంజా అన్నది మీరు చెప్పలేదు. ఆరు వారాలకి నెత్తి మీద జుట్టు పెద్దదిగా ఎర్రగా ఉండి, కాళ్లు లావుగా ఉంటే పుంజే అయి ఉంటుంది. పెట్ట అయితే ఆరు నెలలు నిండే ముందే, అంటే 24, 25 వారాలకి గుడ్లు మొదలుపెడుతుంది, ఆ తర్వాత ఇంకో ప్రమాదం ఉంది. బరువెక్కిన పెట్టలో ఒకేసారి రెండేసి పచ్చసొనలు విడుదలవుతాయి, పెంకు లేని గుడ్లు వస్తాయి, కొన్నిసార్లు గుడ్డు బయటికి రాకుండా కడుపులోనే పడి చీము పడుతుంది. రెండో ఏట పెట్టలు పోవడానికి నేను చూసినంతలో ఇదే ఎక్కువ. తెల్లారి నుంచి ముక్కుతూ, తోక కిందికి వాల్చి, పెంగ్విన్‌లా నిలువుగా నిలబడితే అది గుడ్డు అడ్డుపడ్డ లక్షణం, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. గుడ్లు ఆపడానికి చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ అనే ఇంప్లాంట్ ఉంది, పక్షుల వైద్యం తెలిసినవాళ్లు వాడతారు, కొన్ని నెలలు పనిచేస్తుంది. దొరికితే అడగండి, ఖర్చుతో కూడుకున్నదే.

డాక్టర్‌ని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. చాలామంది "బ్రాయిలర్‌కి వైద్యమా" అని నవ్వుతారు, నవ్వనివాళ్లు ఎవరో తెలుసుకోవడానికి అర్ధరాత్రి సమయం కాదు. కొక్కెర తెగులు, గంబోరో టీకాలు పడ్డాయో లేదో కనుక్కోండి. కుంటుకి మనుషుల నొప్పి మాత్రలు సొంతంగా వెయ్యకండి, పక్షులకి ఇచ్చే మందులు, మోతాదులు వేరు. పొట్టలో నీరు చేరితే డాక్టర్ సూదితో తీయగలరు, కోడికి ఊపిరి ఆడుతుంది, కానీ మళ్లీ చేరుతుంది. అది కొన్ని రోజులో కొన్ని వారాలో ఊరట, నయం కావడం ఉండదు.

నడకని ఒక లెక్కతో చూడటం అలవాటు చేసుకోండి. 1992లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన కొలత ఒకటుంది, సున్నా నుంచి ఐదు దాకా. సున్నా అంటే చక్కగా నడుస్తోంది, మూడు అంటే కుంటు స్పష్టంగా కనపడుతూ కోడి తిరగగలిగే తీరునే దెబ్బతీస్తోంది, ఐదు అంటే నిలబడలేదు. మీ కోడి ఇప్పుడు ఒకటో రెండో అయి ఉండొచ్చు, బరువు పెరుగుదల ఆగితే అక్కడే నిలుస్తుంది, కొన్నిటికి మెరుగవడం కూడా చూశాను. మూడు దగ్గరికి వస్తే నొప్పికి వైద్యం మొదలుపెట్టాలి. నాలుగైదుకి వచ్చి, మందుకి లొంగక, నీళ్ల దగ్గరికి రెక్కలతో పాకుతోందంటే దాన్ని అలా రోజులు నెట్టనివ్వకండి, డాక్టర్ మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి నొప్పి తెలియకుండా నిద్రపుచ్చుతారు. అది ఎప్పుడు అన్నది మీ ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి, ఆ రోజు వచ్చాక ఏడుపుల మధ్య ఎవరూ సరిగ్గా ఆలోచించలేరు. పిల్లలకి కూడా ఇది తక్కువ కాలం ఉండే కోడి అని ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. అన్నట్టు, పిల్లలు దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, మొహం దగ్గర పెట్టుకోకూడదు. ఆరోగ్యంగా కనపడే కోడిలో కూడా సాల్మొనెల్లా అనే విరేచనాల బాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకి అది గట్టిగా తగులుతుంది.

తోడు గురించి. కోడి ఒంటరిగా ఉండే జీవి కాదు, తోడు ఉంటే ఎక్కువ తిరుగుతుంది కూడా, కాబట్టి తెచ్చుకోవచ్చు. కానీ ఇంకో బ్రాయిలర్‌ని తేకండి, రెండు ఆకలిగొన్న కోళ్లు ఒక గిన్నె దగ్గర ఉంటే ఏది ఎంత తిన్నదో మీకు తెలియదు, పైగా ఒకటి పోయాక రెండోదాని కోసం మళ్లీ ఇదే మొదలు. నిదానంగా పెరిగే, నెమ్మది స్వభావం ఉన్న పెట్టని ఒకదాన్ని చూడండి, కోడిపుంజుని వద్దు, లావు పెట్ట మీద ఎక్కి నడుము విరగ్గొడుతుంది. మీది పుంజే అయితే బరువు సమస్య తిరగబడుతుంది, ఐదు కిలోల పుంజు చిన్న పెట్టని నలిపేస్తుంది, అప్పుడు మధ్యలో జాలీ కట్టి పక్కపక్కనే ఉంచండి. కొత్తదాన్ని తెచ్చిన వెంటనే కలపకుండా మూడు, నాలుగు వారాలు దూరంగా ఉంచి జబ్బులేమీ లేవని చూసుకోండి. కలిపాక దాణా మాత్రం విడివిడిగానే పెట్టాలి. కొత్త పెట్ట లోపలికి దూరగలిగి, మీ బ్రాయిలర్ పట్టనంత చిన్న సందు ఉన్న పెట్టె ఒకటి చేసి, దాని దాణా అందులో పెడితే సరిపోతుంది.